ఏ సినిమాలోదీ కాని పాట

తెలుగువాళ్ళం కొత్త పాట వినగానే మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏ సినిమాలోదీ?" పాట బావుందా, ఎవరు రాశారు, ఎవరు పాడారు.. ఇవన్నీ ఆ తర్వాతే. ముందు దానికి ఇంటిపేరు కావాలి మనకి. సినిమా పేరే పాటకి ఇంటిపేరు. ఇంటిపేరు చెప్పలేని పాట వస్తే, పెద్దవాళ్ళెవరూ లేకుండా పెళ్ళిచూపులకి ఒక్కడే వచ్చిన కుర్రాణ్ణి చూసినట్టు చూస్తాం.

అందులోనూ మేముండేది టోలిచౌకి. ఒక పక్క గోల్కొండ కోట, ఏడు గుంబజ్‌లు. ఇంకో పక్క షేక్‌పేట దాటి కాస్త పైకెక్కితే ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. పొద్దున్నే పాలకి వెళ్తే మా వీధి చివర చాయ్ హోటల్లో ఒక బల్ల దగ్గర యెమెన్ నుంచో సోమాలియా నుంచో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, పక్క బల్ల దగ్గర రాత్రంతా షూటింగులో నిలబడి వచ్చిన లైట్‌బాయ్‌లు కనిపిస్తారు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా రెండు సినిమాల్లో గుంపులో నిలబడ్డాడట. ఇలాంటి చోట "మా వాడు పాటలు చేస్తాడండీ" అని చెప్పి చూడండి. "అవునా! ఏ సినిమాకి?" అంటారు. సినిమాకి కాదండీ, ఊరికే చేస్తాడంటే, "ఓహో" అంటారు. ఆ "ఓహో"లో ఉన్న జాలి మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఒక బ్యాండు ఉంది. పెళ్ళి బ్యాండు కాదండోయ్! అయిదుగురు పిల్లలు, మూడు గిటార్లు, ఒక కీబోర్డు, మీద కూర్చుని అరచేతులతో వాయించే ఒక చెక్కపెట్టె. ఆ పెట్టెని కహోన్ అంటారు, పెరూ దేశం నుంచి వచ్చిందట. చూడ్డానికి మాత్రం మా అమ్మమ్మ బియ్యం పోసుకునే పెట్టెలా ఉంటుంది. మావాడిది బేస్ గిటార్. లావు తీగలు నాలుగు ఉంటాయి, పాటలో అది ఉన్నట్టు తెలియదు, తీసేస్తే మాత్రం తెలుస్తుంది. పాడే అబ్బాయిది కరీంనగర్ వైపు. కహోన్ అబ్బాయి మా టోలిచౌకి వాడే, నాలుగు గల్లీల అవతల వాళ్ళ నాన్నకి కర్టెన్ల దుకాణం. బ్యాండు పేరు, పిల్లల పేర్లు రాయొద్దని మావాడి ఆర్డరు. "రాస్తే మీ బ్లాగు చదివే ఆంటీలందరూ లైకులు కొడతారమ్మా, పరువు పోతుంది" అన్నాడు. సరే, రాయను.

మూడేళ్ళలో వీళ్ళు చేసినవి నాలుగు పాటలు. నాలుగూ మా పడగ్గదిలోనే పుట్టాయి. ఎలాగంటారా? స్టూడియోకి వెళ్తే గంటల లెక్కన డబ్బు కట్టాలి. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఒక మైకూ, దాన్ని లాప్‌టాప్‌కి తగిలించే చిన్న డబ్బా కొనుక్కున్నారు. మామూలు గదిలో పాడితే గొంతు గోడలకి తగిలి తిరిగొచ్చి, బావిలో పాడినట్టుంటుంది. బట్టలుంటే ఆ తిరిగొచ్చే చప్పుణ్ణి పీల్చేసుకుంటాయట. బట్టలు ఎక్కువ ఎక్కడుంటాయి? నా బీరువాలో! రెండు తలుపులూ బార్లా తీసి, పట్టుచీరల వైపు మొహం పెట్టి పాడించారు ఆ అబ్బాయిని. కలరా ఉండల వాసనకి ప్రతి పల్లవికీ ఒక తుమ్ము. పరుపు తీసి కిటికీకి అడ్డం పెట్టారు. ఫ్యాను ఆపేశారు, ఏప్రిల్ నెలలో! ఫ్రిజ్ కూడా ఆపించారు. దాని గురగుర మనకి అలవాటైపోయి వినపడదు గానీ మైకుకి వినపడుతుందట. మూడు గంటల సేపు ఫ్రిజ్ ఆపితే పాలూ పెరుగూ ఏమవుతాయో ఆ మైకుకి తెలియదు కదా.

ఇన్ని చేసినా మొదటి పాటలో రెండో చరణం దగ్గర, కింద వీధిలో పాత సామాన్ల బండి వాడి కేక దొరికిపోయింది. నేను అయ్యో అనుకున్నాను. వాళ్ళు విని, మళ్ళీ విని, ఉంచేశారు! "అదేమిట్రా, తప్పు కదా" అంటే, "లో-ఫై అమ్మా, అలాగే ఉంటుంది" అన్నాడు మావాడు.

ఈ లో-ఫై ఏమిటో తెలుసుకోవాలని పట్టుపట్టాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, కొత్త మాట వినపడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా నిద్ర పట్టదు నాకు. పాత రేడియోల మీద, టేప్‌రికార్డర్ల మీద హై-ఫై అని రాసి ఉండేది గుర్తుందా? హై ఫిడెలిటీ, అంటే అసలు శబ్దానికి వీలైనంత దగ్గరగా, శుభ్రంగా వినిపించేది. దానికి ఎదురు మాట లో-ఫై. గది చప్పుడు, టేపు రొద, దగ్గు, కుర్చీ కిర్రుమనడం.. ఇవన్నీ ఉండనిచ్చే పాట. 1979లో జపాన్ కంపెనీ టాస్కామ్ వాళ్ళు, మనం వాడిన మామూలు క్యాసెట్టు మీదే నాలుగు వరసలుగా రికార్డు చేసుకునే చిన్న యంత్రం అమ్మకానికి పెట్టారు. ముందు గిటారు, దాని మీద గొంతు, దాని మీద ఇంకో గొంతు.. ఒక్క మనిషే వంటింట్లో కూర్చుని పాటంతా కట్టుకోవచ్చు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే పెద్ద గాయకుడు 1982లో తన ఇంట్లో ఆ యంత్రం మీద కొన్ని పాటలు నమూనాకి పాడుకున్నాడు. తర్వాత వాటినే బ్యాండుతో స్టూడియోలో మళ్ళీ చేసి చూస్తే ఆ పాటల్లో ప్రాణం పోయిందట. చివరికి ఇంట్లో చేసిన క్యాసెట్టునే "నెబ్రాస్కా" పేరుతో ఆల్బమ్‌గా వేశారు. అదే దేశంలో ఓహయో రాష్ట్రంలో డేటన్ అనే ఊళ్ళో ఒక బడిపంతులు, రాబర్ట్ పొలార్డ్ అని, పగలు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి, తీరిక దొరికినప్పుడు స్నేహితులతో గ్యారేజీల్లో, ఇళ్ళ కింద నేలమాళిగల్లో పాటలు చేశాడు. వాళ్ళ బ్యాండు గైడెడ్ బై వాయిసెస్ ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. 1994లో వచ్చిన "బీ థౌజండ్" అనే ఆల్బమ్‌తో పేరొచ్చింది. అప్పటికి ఆయన నాలుగో పదిలో ఉన్నాడు. ఈ సంగతి చదివాక నాకు ఆయన మీద మహా గౌరవం కలిగింది, వయసు వల్ల!

మావాడికి మాత్రం వీళ్ళెవరికన్నా ఒక డచ్చి బ్యాండు ఇష్టం. బెట్టీ సర్వేర్ట్ అని. అంటే వాళ్ళ భాషలో "బెట్టీ సర్వ్ చేస్తోంది" అని అర్థమట. బెట్టీ స్టోవ్ అని నెదర్లాండ్స్ టెన్నిస్ క్రీడాకారిణి, 1977లో వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. ఆవిడ పేరు పెట్టుకున్నారు. గెలిచినవాళ్ళ పేరు కాకుండా ఫైనల్లో ఓడిన ఆవిడ పేరు పెట్టుకున్న బ్యాండు అంటే నాకూ కాస్త అభిమానం పుట్టింది. వాళ్ళు మొదటిసారి కలిసినప్పుడు కుదరక విడిపోయారు. కొన్నేళ్ళకి మళ్ళీ కలిశారు. 1992లో మొదటి ఆల్బమ్ "పాలమైన్" వేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. పాడే ఆవిడ కారల్ వాన్ డైక్, గిటారాయన పీటర్ విస్సర్ మాత్రం అలాగే పట్టుకుని ఉన్నారు. కోట్లు గడించారా అంటే లేదు. మన దేశంలో వాళ్ళ పేరు తెలిసినవాళ్ళని ఒక ఆటోలో ఎక్కించవచ్చేమో. "మరి వాళ్ళకి ఏం మిగిలిందిరా?" అని అడిగాను మావాణ్ణి. "పాటలు మిగిలాయి కదమ్మా" అన్నాడు.

డచ్చివాళ్ళు నాకు మరీ పరాయివాళ్ళేం కాదు లెండి. మా పుట్టిల్లు బందరు. తెలుగులో వాళ్ళని వలందులు అనేవారు, హాలెండు వాళ్ళు కాబట్టి. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. 1605లో వర్తకానికి వచ్చి కోఠీ పెట్టుకున్నారు, మన కలంకారీ బట్టలు ఓడలకెత్తారు. వాళ్ళ సమాధులు, వాటి మీద చెక్కిన అక్షరాలు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. చిన్నప్పుడు ఆ అక్షరాలు వేలితో తడిమి చూసేవాళ్ళం, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇన్నాళ్ళకి మా పడగ్గదిలోకి ఇంకో రకంగా వచ్చారు వలందులు!

సరే, మన దగ్గరికి వద్దాం. సినిమాలో లేని పాట మనకి ఎప్పుడూ లేదా? ఉంది. బాగా ఉంది. నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటలు 1925లో పుస్తకంగా వచ్చాయి. ఏ సినిమా చూసి పాడుకున్నారు జనం వాటిని? ఘంటసాల గారు సినిమాల్లో అంత పేరున్న రోజుల్లోనే కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు విడిగా గ్రామఫోను రికార్డుగా ఇచ్చారు. ఆఖరి రోజుల్లో పాడిన భగవద్గీత సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక ఆకాశవాణి. 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యాక బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్ళ చేతుల్లో లలిత సంగీతం అనేది ఇంటింటి సంగీతం అయింది. ఈ మాసపు పాట అని ఒక కార్యక్రమం వచ్చేది. నెలంతా ఒకే పాట మళ్ళీ మళ్ళీ వినిపించేవారు. వినేవాళ్ళు నేర్చుకునేవాళ్ళు.

నేర్చుకున్నవాళ్ళలో మా అత్తయ్య ఒకరు. ఆవిడకి ఇప్పుడు 74 ఏళ్ళు. పెళ్ళికి ముందు గుడివాడ దగ్గర వాళ్ళ ఊళ్ళో రేడియో ముందు పెన్సిలు పట్టుకుని కూర్చుని పాటలు రాసుకున్న పుస్తకం ఇంకా ఆవిడ ట్రంకుపెట్టెలో ఉంది. ఒక్కరోజులో పాటంతా రాసుకోలేరు కదా, ఇవాళ దొరకని మాట దగ్గర గీత గీసి వదిలేసి, వారం తర్వాత వచ్చినప్పుడు నింపుకున్నారట. అక్కడక్కడా నిండని గీతలు ఇప్పటికీ ఉన్నాయి. రేడియోలో పాడటానికి ఆడిషన్‌కి వెళ్ళమని వాళ్ళ మాస్టారు చెప్పారట. ఆ లోపల పెళ్ళి కుదిరింది. ఈ మాట ఆవిడ బాధగా ఎప్పుడూ చెప్పరు. "అప్పట్లో అంతేగా" అని చెప్పి చిక్కుడుకాయలు ఒలుచుకుంటారు.

ఈ పిల్లల పాట విన్నాక, మా చుట్టాల గ్రూపులో అందరూ "ఏ సినిమాలోదీ" అని అడిగారు గానీ అత్తయ్య అడగలేదు. కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నారు. పాత సామాన్ల బండి దగ్గర చిన్నగా నవ్వారు. అయ్యాక, "రెండో చరణంలో పై స్థాయికి వెళ్ళేటప్పుడు శ్రుతి కాస్త కిందికి జారింది, వాడికి ఊపిరి చాలట్లేదు, ఆ మాటకి ముందే తీసుకోమను" అన్నారు. పాడే అబ్బాయి ఫోన్‌లోనే "అవును మామ్మా" అన్నాడు. మర్నాడు వచ్చి మళ్ళీ పాడాడు. బీరువా మళ్ళీ తెరిచాం. ఫ్రిజ్ మళ్ళీ ఆపాం.

ఇప్పుడు మన హైదరాబాదు బ్యాండు ఒకదాని గురించి చెప్పాలి. చౌరస్తా అనే పేరు మీలో కొందరు విని ఉండకపోవచ్చు గానీ, వాళ్ళ పాట మీ ఫోనుకి వచ్చే ఉంటుంది. 2020లో కరోనా మొదలైన కొత్తల్లో, చేతులు కలపొద్దు, దూరంగా ఉండండి అని గిటారుతో హాయిగా పాడి చెప్పిన పాట గుర్తుందా? అదే. అంతకుముందే "ఊరెళ్ళిపోతా మామ" అనే పాటతో కుర్రకారుకి దగ్గరయ్యారు. పట్నంలో ఉక్కిరిబిక్కిరి అవుతున్న మనిషికి ఊరు గుర్తొచ్చే పాట అది. దానికి హీరో లేడు, హీరోయిన్ లేదు, ఇంటర్వెల్ ముందొచ్చిందా తర్వాతా అన్న లెక్క లేదు. ఊరు వదిలొచ్చిన ప్రతివాడూ తనదనుకున్నాడు. మావాడు ప్లస్ టూ అయిపోయి ఇంట్లో తలుపేసుకుని కూర్చున్న ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే, మన భాషలో కూడా ఇలా నలుగురు కూర్చుని పాట చేయొచ్చన్న మాట వాడికి తట్టింది.

చౌరస్తాలో పాడిన రామ్ మిరియాల ఆ తర్వాత బ్యాండు నుంచి బయటికొచ్చారు. ఇక సినిమా వరస చూడండి. 2021లో జాతిరత్నాలులో చిట్టి పాట. 2022లో డీజే టిల్లు టైటిల్ పాటకి ఆయనే బాణీ కట్టి ఆయనే పాడారు. 2023లో బలగంలో పొట్టి పిల్ల. ఆ పాటలకి మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి పిల్లలు గంతులేశారు. మిగిలినవాళ్ళు చౌరస్తా పేరుతోనే పాడుకుంటూ సాగారు. ఆ కథ చెప్పేటప్పుడు అందరూ ఒకాయన "పైకొచ్చాడు" అంటారు. మిగిలినవాళ్ళ గురించి ఏమనాలో మన దగ్గర మాట లేదు. కింద ఉండిపోయారనడానికి లేదు కదా! వాళ్ళు ఉన్నచోట ఉన్నారు, పాడుతున్నారు.

నేను సినిమాకి వ్యతిరేకిని కాదండీ. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారు ఎన్నో ఏళ్ళుగా ఊరూరా తిరిగి పాడినా, 2021లో భీమ్లా నాయక్ పాటలో ఆయన గొంతు వినపడ్డాకే మనలో చాలామందికి తెలిశారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమా దీపం లాంటిది, వెలుగు పడితే నిజంగానే అందరికీ కనిపిస్తాం. కానీ ఆ దీపం పడేదాకా ఉన్న మనిషి కూడా మనిషే, ఆ పాట కూడా పాటే అంటున్నానంతే.

ఇలా అనడం తేలిక, ఇంట్లోకి వస్తే కష్టం. పోయిన ఏడాది మా పడగ్గది బ్యాండుకి ఒకేసారి రెండు పరీక్షలొచ్చాయి. మొదటిది, పాడే అబ్బాయికి ఫిల్మ్‌నగర్ నుంచి పిలుపు. ట్రాక్ పాడమని. ట్రాక్ అంటే తెలుసు కదా, బాణీ కట్టాక పాట ఎలా ఉంటుందో వినిపించడానికి ఎవరో ఒకరితో ముందు పాడిస్తారు. తర్వాత పేరున్న గాయకుడు వచ్చి అదే బాణీలో పాడతాడు. ఒక్కోసారి ముందు పాడినవాడి గొంతే నచ్చి ఉంచేస్తారు. ఆ ఒక్కోసారి మీద ఆశతో ఎంతమంది పిల్లలు ఆ గుట్టెక్కుతారో! ఈ అబ్బాయి మూడు రాత్రులు వెళ్ళాడు. తెల్లవారుజామున మా ఇంటికే వచ్చి సోఫాలో పడుకునేవాడు. నాలుగు నెలలకి పాట బయటికొచ్చింది, వేరే గొంతుతో. అయితే రెండో చరణంలో ఒక మాట దగ్గర ఈ అబ్బాయి వేసిన విరుపు అలాగే ఉంది. మా పిల్లలందరూ గుర్తుపట్టారు. నేనూ గుర్తుపట్టాను, ఆ విరుపు మా బీరువా ముందు పుట్టిందే. ఆ అబ్బాయి రెండు నెలలు ఇటు రాలేదు. ఫోన్ చేస్తే "బిజీ ఆంటీ" అనేవాడు.

రెండోది, మావాడికి క్యాంపస్‌లో ఉద్యోగం. బెంగళూరులో. మావారు స్వీట్లు పంచారు. ఆ రాత్రి వాడు అన్నం కెలుకుతూ, "ఒక్క ఏడాది ఆగుతాను నాన్నా, ఇంకో నాలుగు పాటలు పూర్తిచేస్తాం" అన్నాడు. మావారు కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. చేతులు కడుక్కుని వచ్చి, కాయితం తీసి లెక్క రాశారు. మూడేళ్ళలో బ్యాండుకి వచ్చినది: కేఫ్‌ల్లో పాడినందుకు మొత్తం 31,000. ఆన్‌లైన్‌లో పాటలు విన్నందుకు వచ్చినది ఇద్దరికి బిర్యానీ ఖరీదు. ఖర్చు: మైకు, డబ్బా, తీగలు, ఆటోలు.. 68,000. "నేను పాటలొద్దనట్లేదురా, ఈ లెక్కకి నువ్వే జవాబు చెప్పు" అన్నారు. వాడు చెప్పలేదు. నా వైపు చూశాడు.

నేనేమనాలి? ఆ కాయితం చూస్తుంటే నాకు వేరే లెక్కలు కనిపించాయి. ఈ అయిదుగురూ ఎన్నిసార్లు పోట్లాడుకున్నారో నాకు తెలుసు. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరి వరస ఎక్కువ వినిపించింది, ఎవరు డబ్బు తక్కువ వేశారు.. అచ్చం ఉమ్మడి కుటుంబమే. కేఫ్ వాళ్ళు 4,000 ఇస్తే, అందులో ఆటో తీసేసి మిగిలింది అయిదు వాటాలు వేసుకుని, ఎవరి దగ్గర చిల్లర లేక చివరికి అందరూ కలిసి హలీం తినేసి ఇంటికొచ్చిన రాత్రులు నాకు తెలుసు. బంజారాహిల్స్‌లో లామకాన్ అని 2010 నుంచి నడుస్తున్న చోటు ఉంది. చెట్టు కింద చాయ్, సమోసా, కవిత్వం, నాటకం, పాట, ఏదైనా జరుగుతుంది. అక్కడ కూర్చుని ఎవరి పాటలో విని వచ్చి, తెల్లారేదాకా మా డాబా మీద వాదించుకున్నారు. కర్టెన్ల దుకాణం అబ్బాయి ఉపవాసం ఉన్న నెలలో వీళ్ళు రిహార్సల్‌లో మంచినీళ్ళు కూడా తాగకపోతే, వాడే తిట్టి తాగించాడు. ఇరవై ఏళ్ళుగా ఇల్లు నడుపుతున్నదాన్ని, జీతం, ప్రమోషను లేకుండా రోజూ మళ్ళీ అదే చోట కూర్చోవడం అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. ఆ పనికీ ఓ కెరీరు ఉంటుంది. దాన్ని మావారి కాయితం మీద రాయడానికి గళ్ళు లేవు.

అలాగని ఉద్యోగం వదిలెయ్యమని చెప్పే ధైర్యమూ నాకు లేదు. ఇంటద్దె మేం కడుతున్నాం. చెల్లెలికి ఇంటర్ ఫీజు ఉంది. కూడు ముఖ్యం కాదని, కూడు వండే మనిషిని నేనెలా అంటాను?

అప్పుడు అత్తయ్య కలగజేసుకున్నారు. ఆవిడ ఇలాంటివాటిలో మాట్లాడరు మామూలుగా. "ఉద్యోగానికి వెళ్ళు నాన్నా" అన్నారు మనవడితో. వాడి మొహం వాడిపోయింది. "వెళ్ళు. కానీ మానేశామని మాత్రం ఎవరికీ చెప్పకు. నేను రేడియోకి వెళ్ళలేదు. వెళ్ళకపోతే పోనీ, పాడటం కూడా ఎందుకు మానేశానో నాకే తెలీదు. అది ఎవరూ మానెయ్యమనలేదు" అన్నారు. మావారు తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. యాభై ఏళ్ళ మనిషి, తల్లి పాడుతుందని పెద్దగా విని ఎరగరు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇది జరిగి ఏడాదైంది. మావాడు బెంగళూరులో ఉన్నాడు. రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తాడు. వచ్చేటప్పుడు ఆ లావు గిటారు వీపున ఉంటుంది. పాడే అబ్బాయి తిరిగొచ్చాడు. ఇప్పుడు పగలు స్టూడియోల్లో కోరస్ పాడుతున్నాడు, రోజుకింత అని ఇస్తారు. సాయంత్రం చిన్నపిల్లలకి పాఠాలు చెబుతాడు. అదే దారిలో ఎప్పటికైనా వాడి గొంతు వాడి పేరుతోనే వినిపించాలని నేను మా మారేడు చెట్టు దగ్గర దీపం పెట్టినప్పుడల్లా అనుకుంటాను. అలా జరిగి వాడు బ్యాండు వదిలి వెళ్ళినా నాకు కోపం రాదు. కహోన్ అబ్బాయి దుకాణంలో కూర్చుంటున్నాడు. పోయిన నెల పాత కర్టెన్లు రెండు మూటలు తెచ్చి మా పడగ్గది గోడకి కట్టిపోయాడు. ఇక నా పట్టుచీరలకి విముక్తి. గిటారు అబ్బాయి ఎమ్మెస్‌కి వెళ్ళే ప్రయత్నాల్లో ఉన్నాడు. వాడు వెళ్తే ఎలా అన్న మాట ఎవరూ ఎత్తడం లేదు, పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడనట్టు.

అయిదో పాట ఆరు నెలల నుంచి సాగుతోంది. ఒకరు ఒక ఊళ్ళో వాయించి పంపితే ఇంకొకరు ఇంకో ఊళ్ళో దాని మీద పాడి పంపుతారు. నాలుగో పాట ఎంతమంది విన్నారో మొన్న చూశాను. 1,140 మంది. మావాడు ఆ అంకె చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నేను మాత్రం మా బందరులో కల్యాణ మండపం నిండా కుర్చీలు వేస్తే ఎంతమంది పడతారా అని లెక్కేసుకున్నాను. రెండు మండపాలు నిండి, బయట ఇంకా నిలబడాలి.

మీ ఇళ్ళల్లో కూడా తలుపేసుకుని ఏదో చేసుకుంటున్న పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ళు మొహమాటంగా ఒక పాట పంపితే, కూర తరుగుతూనైనా సరే, చివరిదాకా వినండి. సగంలో ఆపి "బావుంది నాన్నా" అన్నామంటే వాళ్ళకి తెలిసిపోతుంది. వాళ్ళకి మన మెప్పు కన్నా, ఎక్కడ శ్రుతి జారిందో చెప్పే మా అత్తయ్య లాంటి మనిషి కావాలి.

అత్తయ్య అంటే గుర్తొచ్చింది. ట్రంకుపెట్టెలోంచి పాటల పుస్తకం బయటికొచ్చింది. అయిదో పాటలో మధ్యన ఒక ఆలాపన ఉందట, అది మామ్మే చెయ్యాలని పిల్లలు పట్టుపట్టారు. నాకు దగ్గొస్తుంది, నాకు ఆయాసం అని ఆవిడ, దగ్గు ఉంచేస్తాం మామ్మా అని వాళ్ళు! నాలుగు రోజులుగా పొద్దున్నే పూజ అయ్యాక తలుపు దగ్గరగా వేసుకుని మంద్రస్థాయిలో ఏదో సరిచూసుకుంటున్నారు. నేను వినట్టు నటిస్తూ గిన్నెలు చప్పుడు కాకుండా తోముకుంటున్నాను.

ఈ ఆదివారం పదింటికల్లా అందరూ వస్తామన్నారు. ఫ్రిజ్ మూడు గంటలు ఆపాలి కాబట్టి పాలు ముందే కాచి పెట్టుకోవాలి. వస్తానండీ మరి.